గేదె కోసం కోర్టుకెళ్లిన ముసలమ్మ

జోగయ్య డిస్కును అంచులతో పట్టుకుని, పాత పంచె గుడ్డతో మధ్య నుంచి బయటికి తుడుస్తున్నాడు. గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి. అరుగు మీదికి వెలుగు అప్పుడప్పుడే వస్తోంది. తుడిచినదాన్ని ఆ వెలుగుకు ఎత్తి, కాస్త వంచి చూసి, కాగితపు సంచిలో పెట్టాడు. నిజానికి ఎలా పట్టుకున్నా వేలిముద్ర పడుతుందన్న భయం లేదు. ఇరవై ఆరేళ్లుగా జీడిపిక్కల బట్టీలో పనిచేస్తున్న చేతులవి. తొక్కలో ఉండే నూనె వేళ్ల చివరి గీతలను ఎప్పుడో తినేసింది. రేషను డిపోలో మిషను అతన్ని గుర్తుపట్టదు. అయినా డిస్కును అంచులతోనే పట్టుకుంటాడు.

పక్కన పొడుగాటి నోటుబుక్కు తెరిచి ఉంది. చివరి వరసలో అతని గుండ్రటి అక్షరాలు: “117. వంటవాడే అసలు జమీందారు. 1 గంట 46 నిమిషాల దగ్గర ఆపినది.” దాని కింద “118. గేదె కోసం కోర్టుకెళ్లిన ముసలమ్మ” అని రాసి, పక్కన ఖాళీ వదిలాడు.

ఆ పేర్లు సినిమాలవాళ్లు పెట్టినవి కావు. పెళ్లికి ముందు జోగయ్య దగ్గర ఒక టీవీ, ఒక డిస్కు ప్లేయరు ఉండేవి. ఉద్దానంలో ఏ ఊళ్లో అమ్మవారి పండగైనా వాటిని సైకిలు వెనక కట్టుకుని వెళ్లి రెండు సినిమాలు వేసి వచ్చేవాడు. అలా చేరినవి నాలుగు వందల డిస్కులు. తిత్లీ తుపానుకు ఇంటి పైకప్పు లేచిపోయి, వాన అట్టపెట్టెల్లోకి దిగింది. కొబ్బరిచెట్లు కూలిన పెరట్లో తాడు కట్టి, డిస్కులను బట్టల్లా ఆరేశారు. రెండు వందల అరవై మూడు బతికాయి. వాటి మీది కాగితాలు, పేర్లు కరిగిపోయాయి. ఆ చలికాలమంతా ఒక్కొక్కటీ పదేసి నిమిషాలు వేసి చూస్తూ, భార్య భారతి పేరు చెబితే జోగయ్య రాసుకున్నాడు. ఆ డిస్కులు ఇప్పుడు జీడిపప్పు సర్దే రేకు డబ్బాల్లో, నంబర్ల వారీగా, మంచం కింద ఉన్నాయి.

“మావా, ఆ అప్పడాలకి ముస్తాబు అవనేదేటి ఇంకా? ఆటో వచ్చీసినాది.”

భారతి గుమ్మం పట్టుకుని నిలబడింది. ముఖం ఉబ్బి ఉంది. ఎడమచేతి మీద, సూదులు గుచ్చేచోట, నరం తాడులా లేచి కనిపిస్తోంది.

“ఉండే. గీతలుంటే మజ్జిలో ఆగిపోతాది.”

“మజ్జిలో ఆపడానికి గీతలెందుకు, నువ్వున్నావు గదా.”

జోగయ్య నోటుబుక్కు, డిస్కులు, మడతపెట్టే చిన్న ప్లేయరు సంచిలో సర్దాడు.

సోమవారం, గురువారం బట్టీకి సెలవు పెట్టి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఆటోలో గంట. అక్కడ రక్తం కడిగే మిషను పక్కన నాలుగు గంటలు. మళ్లీ ఆటోలో గంట. ఏడాది పైగా ఇదే.

మొదట్లో, మూడో నెలలో, ఒక గురువారం ఉదయం భారతి లేవలేదు. గోడవైపు తిరిగి, “నాను రాను. నన్నొగ్గీ” అంది. జోగయ్య బతిమాలాడు, కోప్పడ్డాడు. చివరికి ఏమీ తోచక, “మరి ఆ తప్పిపోయిన పిల్ల దొరికిందో నేదో సూడవా?” అన్నాడు. అంతకుముందు సోమవారం ప్లేయరులో చార్జింగు అయిపోయి సినిమా సగంలో ఆగింది. కాసేపటికి భారతి లేచి చీర మార్చుకుంది.

అప్పటినుంచి జోగయ్య ఏ సినిమానూ ఒక్కరోజులో పూర్తి చేయనివ్వలేదు. ముందు పోయినసారి మిగిలిన నలభై నిమిషాలు వేస్తాడు. తరువాత కొత్తది మొదలుపెట్టి, అందులో నలభై నిమిషాలు ఉండగా ఆపేస్తాడు. టైమయిందంటాడు, చార్జింగు లేదంటాడు. ఎక్కడ ఆపాడో నోటుబుక్కులో రాస్తాడు. భారతి కూడా బియ్యం డబ్బా అడుగు ఎప్పుడూ గీకదు, ఒక గుప్పెడు ఉంచుతుంది. గడప దాటేటప్పుడు వెళ్తానని అనదు, వస్తానంటుంది. ఇదీ అలాంటిదేనని జోగయ్య లోపల అనుకున్నాడు గాని ఎవరితోనూ చెప్పలేదు.

చెప్పకపోయినా ఆ గదిలో అందరికీ తెలిసింది. అయిదు మంచాలు. మూల మంచం మీద గంగులు అనే ఆయన ఉండేవాడు. ఒక గురువారం ఆయన పట్టుబట్టి ప్లేయరు తన దగ్గర పెట్టించుకుని ఒక సినిమా చివరిదాకా చూశాడు. సోమవారం రాలేదు, ఇక ఎప్పుడూ రాలేదు. ఆ తరువాత ఎవరూ చివర వెయ్యమని అడగలేదు.

118 తీసుకెళ్లిన ఆ సోమవారం భారతి బరువు మూడు కిలోలు ఎక్కువ చూపించింది.

“నీళ్లు తాగుతున్నావా అక్కా?” అని అడిగింది నర్సు అనూరాధ.

“కలలో తాగుతన్నాను తల్లీ. అదీ లెక్కేసీసినట్టున్నాది మీ మిషను.”

అనూరాధ నవ్వి సూదులు గుచ్చింది. గొట్టాలు ఎర్రబడ్డాయి. జోగయ్య స్టూలు మీద కూర్చుని, ఆమె కాళ్ల మీద దుప్పటి సర్ది, ప్లేయరు తెరిచాడు. పక్క మంచం మీద నరసింగరావు తల తిప్పాడు. ఆయనకు నాలుగెకరాల కొబ్బరితోట ఉండేది. తుపాను తరువాత పదిహేను చెట్లు మిగిలాయి.

“ఇలగ తిప్పు జోగయ్యా. జమీందారు బయటపడే టైమయినాది.”

జమీందారు బయటపడ్డాడు. వంటగది నుంచే పెళ్లిపీటల మీదికి వెళ్లాడు. భారతికి అది నచ్చలేదు. “పప్పులో ఉప్పెయ్యడం సేతకాదు గాని ఊరేల్తాడట” అంది. జోగయ్య 117 పక్కన ఒక టిక్కు పెట్టి, 118 వేశాడు.

అది నలుపూ తెలుపూ సినిమా. ఒక ముసలమ్మ గేదెను ఊరి పెద్ద తోలుకుపోయి తనదంటాడు. ముసలమ్మ కాలినడకన పట్నం కోర్టుకు బయలుదేరుతుంది. దారిలో వాన, జ్వరం. సత్రంలో ఆమె మూట పోతుంది. మధ్యలో భారతికి ఒళ్లు చెమటలు పట్టి, కళ్లు తేలిపోయాయి. అనూరాధ పరుగున వచ్చి మంచం తలవైపు దించి, మిషను మీద ఏదో తగ్గించింది. జోగయ్య బొమ్మ ఆపి, ఆమె అరికాలు రుద్దుతూ కూర్చున్నాడు. కాసేపటికి భారతి కళ్లు తెరిచింది.

“ఏటాపీసినావు? ఎయ్యి.”

మళ్లీ వేశాడు. ముసలమ్మ కోర్టు దాకా వచ్చింది. ఒక మెట్టు ఎక్కింది, ఆగింది, మోకాలు పట్టుకుంది. జోగయ్య మూలనున్న అంకెలు చూశాడు. నలభై నిమిషాలు ఉన్నాయి. అతని వేలు బొత్తాం మీదికి వెళ్లింది.

“ఉంచు” అంది భారతి.

“టైమయిపోనాది.”

“గడియారం నాకూ కనిపిస్తన్నాది. ఇంకా గంటున్నాది.”

“చార్జింగు...”

“మావా, నువ్వు అబద్దమాడితే సెవులు ఎర్రబడతాయి. పెల్లయిన కాణ్ణించి సూస్తన్నాను. అవనీ.”

నరసింగరావు మోచేతి మీద కాస్త లేచాడు. “అమ్మా, గురువారం సూద్దుము గదా. నానూ ఆగుతాను.”

“గురువారం దాకా ఆ ముసల్ది మెట్ల మీదే నిలబడుంటాదేటి బాబూ? కాల్లు లాగవా దానికి?”

జోగయ్య అనూరాధ వైపు చూశాడు. ఆమె మూల మంచం దుప్పటి సరిచేస్తున్నట్టు అటు తిరిగింది. అతను భారతి ముఖం చూశాడు. పెదవులు ఎండి, చివర్లు పగిలి ఉన్నాయి. కళ్లు మాత్రం తెర మీదే, ఆ మెట్ల మీదే ఉన్నాయి. బొత్తాం మీది వేలు తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

ముసలమ్మ మెట్లెక్కింది. కోర్టులో ఆమెకు సాక్షులు లేరు. ఊరి పెద్దకు పదిమంది ఉన్నారు. చివరికి జడ్జీ గేదెను విప్పమన్నాడు. అది పదిమందినీ దాటుకుని వచ్చి, ముసలమ్మ కొంగులో మూతి పెట్టింది. రోజూ తవుడు ఆ కొంగులోనే తెచ్చేది.

భారతి పకపకా నవ్వింది. ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ నవ్వి చాలా రోజులైంది. నరసింగరావు చెయ్యి కదలకూడదు గనక, కళ్లు భుజానికి తుడుచుకున్నాడు. “నాకూ ఒకటుండేది. కొంగు కాదు, నా తువ్వాలు నమిలీసీది” అన్నాడు.

తెర నీలంగా మారింది. జోగయ్య నోటుబుక్కు తెరిచాడు. 118 పక్కన ఖాళీలో ఏం రాయాలో తెలియలేదు. “అయిపోయింది” అని రాశాడు. ఆ మాట చూసి, పెన్నుతో అడ్డంగా కొట్టేసి, “చూశాం” అని రాశాడు.

తిరుగు ప్రయాణంలో భారతి అతని భుజానికి తల ఆనించింది. నిద్రపోలేదు. వీధి మొదట్లో లక్ష్మణమ్మ ఇంటి ముందు ఆటో ఆపించింది. లక్ష్మణమ్మ జీడిపిక్కల కార్ఖానాలో భారతితో పాటు పప్పు ఒలిచిన మనిషి. మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. “నువ్వెల్లు, వస్తాను” అని భారతి దిగింది. జోగయ్య సంచి తీసుకుని ముందుకు నడిచాడు. వెనక్కి చూస్తే ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు.

ఇంటికొచ్చి భారతి వసారాలో చాప మీద వాలింది.

“దుప్పటి కప్పు. ఆ ఏసీ ఇంకా ఎముకల్లో ఉన్నాది.”

అతను కప్పాడు.

“ఆ ముసల్దానికి దూడ కూడా ఉండేది గదా మావా. మొదట్లో సూపించినాడు. దాని సంగతేటైనాదో సెప్పనేదు.”

“మర్సిపోనాడు గావాల.”

“మర్సిపోతే ఎలగ” అంది భారతి, కళ్లు మూసుకుని.

జోగయ్య మంచం కింద నుంచి మూడో డబ్బా లాగాడు. గురువారానికి 119 తీసి వెలుగులో చూశాడు. ఒక గీత ఉంది గాని లోతు లేదు. భారతి ఆ సినిమాకు “అత్తాకోడళ్లు ఒకే బడిలో” అని పేరు పెట్టింది. గుడ్డ తీసుకుని తుడిచాడు. మధ్య నుంచి బయటికి, మళ్లీ మధ్య నుంచి బయటికి. నాలుగు గంటలకు టీ పెట్టి, తనకు గ్లాసుడు, ఆమెకు పావు గ్లాసు పోశాడు.

“ఒలే, టీ.”

పలకలేదు. అతను మళ్లీ పిలవలేదు. గ్లాసు కింద పెట్టి, పక్కన కూర్చుని, ఎడమచేతి మీద తాడులాంటి ఆ నరం మీద తన వేళ్లు ఉంచాడు. ఎప్పుడు తాకినా గుర్రుమని కొట్టుకునేది. అరిగిపోయిన ఆ వేళ్లకు అదొక్కటీ బాగా తెలిసేది. అవి అక్కడే చాలాసేపు ఉన్నాయి.

పొద్దు వాలేసరికి నరసన్నపేట నుంచి కూతురు ఝాన్సీ వచ్చింది. వీధివాళ్లు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. జోగయ్య అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకసారి కూతురితో, “నానే ఆపుండాల్సింది” అన్నాడు. ఝాన్సీకి అర్థం కాలేదు.

కార్ఖానా వదిలాక లక్ష్మణమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. భారతి కాళ్ల మీద పడి ఏడ్చింది. కాసేపటికి లేచి, కొంగు బిగించి, ఇంటికి వెళ్లి మళ్లీ వచ్చింది. చేతిలో చిన్న స్టీలు డబ్బా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జోగయ్య ముందు నిలబడింది.

“మద్దేనం ఆటో దిగి సెప్పినాది అన్నా. నీల్లు తాగితే వొల్లు పొంగుతాది, నిమ్మకాయ నీల్లలో పిండి మీ ప్రిజ్జులో ముక్కలు కట్టించు వొదినా, సప్పరించుకుంటాను అన్నాది. రేపటికొకటి, ఎల్లుండికొకటి, గురువారం ఆసుపత్రికి రెండు. ఏలు మడిసి లెక్కెట్టి సెప్పినాది.”

“గురువారానికా?” అన్నాడు జోగయ్య.

“గురువారానికి రెండు.”

డబ్బాను అతని పక్కన అరుగు మీద పెట్టి, లక్ష్మణమ్మ ఆడవాళ్ల మధ్యకు వెళ్లిపోయింది. మూత లేదు. అడుగున నాలుగు మంచు ముక్కలు. అంచులు అప్పుడే గుండ్రబడుతున్నాయి. ఒకదాని మధ్యలో చిన్న నిమ్మగింజ, ఇంకా కదలకుండా, తెల్లగా ఉంది.