నడుమ లేని ముఖము

మాఘ బహుళామావాస్యనాటి యపరాహ్ణమున నిర్మేఘగగనమున పడమటికి వాలుచున్న మార్తాండబింబమును నల్లని నీడ యొకవైపునుండి మెల్లమెల్లగా నాక్రమింపగా ఎండ జీవము తప్పిన పసుపువన్నె దాల్చెను. పక్షులు వేళ దప్పి గూళ్లకు మరలుచుండెను. తలుపులన్నియు మూయబడిన వీధులు పరిత్యక్తనగరమును దలపించుచుండెను.

ఆ పట్టణమున ఛాయాచిత్రశాల నడపుకొనుచున్న చిదంబరయ్యకు మంజులవాణి యను తొమ్మిదేండ్ల కూతురు కలదు. గ్రహణభీతి కేవలము మూఢవిశ్వాసమని నమ్మి ప్రకృతివైచిత్ర్యమును బిడ్డలు స్వయముగా జూచి తెలిసికొనవలెనని వాదించు నాతడు నల్లబడిన వర్ణచిత్రపు ఫిలిము ముక్కను రెండు మడతలు పెట్టి కూతును మేడమీదికి గొనిపోవుచుండగా భార్య యనసూయమ్మ మెట్లకడ నడ్డుపడెను.

“దాన్ని తీసుకెళ్లకండి. ఏమైనా అయితే?”

“నల్ల ఫిలిం అడ్డం పెడుతున్నాగా. ఏమీ కాదు.”

వెలుగును మందగింపజేసిన యా ఫిలిము కంటికగపడని కిరణములను నిలువరింపజాలదని యాతడెఱుగడు.

“నాన్నా, సూర్యుడు కొరికిన అప్పంలా ఉన్నాడు,” అని మేడమీద ఫిలిములోనుండి చూచుచు బాలిక మురిసెను.

“కళ్లు మండుతున్నాయా?”

“లేదు. ఇంకాసేపు చూస్తా.”

కూతురి జిజ్ఞాసకు గర్వించి యాతడు వలదనలేదు.

మరునాటి ప్రభాతమున తల దువ్వుచున్న తల్లివైపునకు దిరిగి మంజులవాణి యామె చెక్కిళ్లను చేతులతో దడవెను.

“అమ్మా, నీ చెవులు కనపడుతున్నాయి, జడ కనపడుతోంది. మధ్యలో మొహం లేదు.”

“కంటి లోపలి పొరకి నొప్పి తెలియదండీ,” అని నేత్రవైద్యుడు తలవంచుకొని చెప్పెను. “కాలుతున్నా పిల్లకి తెలిసుండదు. ఇది ఇక బాగుపడదు.”

అనసూయమ్మ భర్తను నిందింపలేదు. ఆ నిందకై యాతడు సంవత్సరములకొలది వేచియుండెను.

పదునాలుగేండ్ల పిమ్మట మరల సూర్యగ్రహణము సంభవించిననాడు చిదంబరయ్య కూతును వెంటబెట్టుకొని పాఠశాలకేగి, పిల్లలను సూర్యునికి వీపు త్రిప్పి నిలువబెట్టి, సూదితో పొడిచిన యట్టనుండి తెల్లకాగితముపై బడుచున్న చిఱుబింబమును జూపించుచుండెను. ఒక బాలిక తల త్రిప్పబోయెను.

“వెనక్కి చూడొద్దమ్మా.”

“ఒక్కసారే తాతగారూ. ఏమవుతుంది?”

మంజులవాణి ముందునకు వచ్చి యా బాలిక భుజముపై చేయి వేసెను.

“నేను చూశాను పాపా. మా నాన్న మొహం చూసి పధ్నాలుగేళ్లయింది.”

అట్లు పలుకుచు తండ్రిని కంటియంచుననైన జూడగోరి యామె తన చూపును ఆతని ముఖమువంకకు గాక చెవిప్రక్కనున్న శూన్యమువంకకు ద్రిప్పెను.