తాడుకి ఆ చివర

"అన్నం తిన్నావేటి?" అని నూకయ్య అడగ్గానే అసిరమ్మకు అనుమానం వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట అతని నోట వినలేదు.

అది పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం. శ్రీముఖలింగం రోడ్డులో గెడ్డ వంతెనకు ఇవతల, బళ్లు పల్లంలోకి జారిపోకుండా కాంక్రీటు అడ్డగోడ కడుతున్నారు. నూకయ్య మేస్త్రీ. అతని పెళ్లాం గనక అసిరమ్మ పనివాళ్లందరికీ వండాలి, గెడ్డలోంచి కడవలతో నీళ్లు మోసి గోడ తడపాలి. మిగతా ఆడవాళ్లకు కూలి ఉంది. ఆమెది ఇంటిపని కింద పోయింది.

తడుపుతున్నప్పుడే కనిపెట్టింది, నడిమధ్యన గోడ రోడ్డు వైపుకి ఉబ్బిందని. కాంక్రీటు పోత పోసిన రోజు పక్క చెక్కలు కదలకుండా ఆపు సరిగ్గా పెట్టలేదు. బొటనవేలి మందం మించి తేడా ఉండకూడదని ఇంజనీరు ముందే చెప్పాడు. అక్కడ నాలుగు వేళ్లు వచ్చింది. బస్సు ఎదురైతే పక్కకు తప్పుకునే బండి చక్రం సరిగ్గా అక్కడే కొట్టుకుంటుంది. ఆ మాట చెబితే నూకయ్య, నీళ్లు పొయ్యడానికి వచ్చినదానివి పోసి పో అన్నాడు.

ఇవాళ ఇంజనీరు గోడ వెంట తాడు లాగించి, వంకర ఉందేమో చూడ్డానికి వస్తున్నాడు. తాడు ఒక చివర నూకయ్య పట్టుకుంటాడట, రెండో చివర ఆమె పట్టుకోవాలట. ఇంతమంది మగాళ్లుండగా తనెందుకు? ముందు అన్నం, తర్వాత తాడు, ఆ తర్వాత ఏమిటి? ఆమె కాచుకుని కూర్చుంది. చివరికి అతనే గొంతు తగ్గించాడు.

"తాడు గోడకి ఆనించకు. పిడికిలి అడ్డెట్టి పైట కప్పీ. రెండేపులా తాడు పిడికిలంత ఎడంగా ఉంటే ఉబ్బుకి తగల్దు, మద్దిన నిలబడి సూసినోడికి తేడా తెలీదు. ఆడదాని పైట కిందకి ఎవుడూ తొంగి సూడడు."

అసిరమ్మ తన పైట వైపు చూసుకుంది. ఇన్నాళ్లూ తన రెక్కలు వాడుకున్నాడు. ఇప్పుడు తన సిగ్గు కూడా అతనికి పనిముట్టయింది.

ఇంజనీరు వచ్చి గోడ మధ్యలో నిలబడ్డాడు. తాడు లాగారు. ఆ చివర నూకయ్య తాడుకీ గోడకీ మధ్య పిడికిలి పెట్టి, కనబడకుండా ఒళ్లు అడ్డుపెట్టాడు. ఈ చివర అసిరమ్మ పైట కప్పుకుని, దాని కింద తాడును గోడకేసి నొక్కిపట్టింది. ఉబ్బు దగ్గర తాడు వంకర తిరిగింది.

ఇంజనీరు మొహం ముడుచుకుంది. నూకయ్య నవ్వేశాడు. ఆడమనిషండి, తాడు పట్టుకోడం రాదని చెప్పి, సరిగ్గా పట్టమని ఆమెను కసిరాడు. రాత్రికి ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా పైట తీసి, గోడకి ఆనిన చెయ్యి ఇంజనీరుకు కనబడేలా ఉంచింది.

"పట్టుకోడం వచ్చు బాబూ. ఎలగ పట్టాలో మా ఆయన ఇందాకే సెప్పాడు. అలగ పట్టనేదు."