గుట్ట లోపలి వాలు

పెన్షను పుచ్చుకున్న ఏడాదే లివియో మ్యాపులు చదవడం నేర్చుకున్నాడు. చదువు మీద మక్కువతో కాదు, వదిన మీద కక్షతో.

తండ్రి పోయాక జరిగిన పంపకాల్లో గుట్టకు దక్షిణం వైపు నేల, గుట్ట మీది పందుల దొడ్డి లివియోకి వచ్చాయి. ఉత్తరం వైపు ఇల్లు, పెరట్లో ఊటతో సహా అన్నకు వెళ్ళింది. అన్న కూడా పోయాక, వదిన నెవియా ఆ ఇంటి గదులు వేసవి అతిథులకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఆస్ట్రియా నుంచి వచ్చినవాళ్ళు ఆ ఊట నీళ్ళు గాజు కూజాల్లోంచి వంచుకు తాగి మెచ్చుకునేవారు. లివియోకి అదే కడుపుమంట.

"వాన పడేది నా గుట్ట మీద. నీళ్ళు ఊరేది ఆవిడ పెరట్లో. ఇదేం న్యాయం?" అని వైను అంగట్లో కూర్చుని అడిగేవాడు.

"నీ గుట్ట నీ వైపుకే కదయ్యా వాలింది," అనేవాడు అంగడి దీనో. "నీళ్ళు పల్లానికి పోతాయి గానీ ఎదురెక్కి మీ వదిన పెరట్లోకెందుకు పోతాయి? ఆవిడంటే నీళ్ళకి అంత ఇష్టమా?"

అంగడంతా నవ్వేది. సరిగ్గా అప్పుడే దగ్గరి పట్నం పజిన్ లైబ్రరీలో యాగొద అనే భూగర్భ శాస్త్రం పంతులమ్మ శనివారాల్లో మ్యాపు పాఠాలు చెబుతోందని తెలిసింది. వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

మొదటి రోజు తన ఊరి మ్యాపు చూసి నివ్వెరపోయాడు. "మా ఊళ్ళో ఇన్ని రోడ్లెప్పుడు వేశారమ్మా?"

"అవి రోడ్లు కావండీ. ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలుపుతూ గీసిన గీతలు. దగ్గర దగ్గరగా ఉంటే నేల నిటారుగా ఉందని, ఎడంగా ఉంటే చదునుగా ఉందని."

ఆ సంగతి మోకాళ్ళకు ముందే తెలుసు కనుక లివియోకి తొందరగానే పట్టుబడింది. రాళ్ళ మ్యాపు దగ్గర మాత్రం మళ్ళీ తడబడ్డాడు. గుట్టంతా ఆకుపచ్చ రంగు వేసి ఉంది.

"ఇది పాత మ్యాపు. ఆ అడవి మా తాతల నాడే కొట్టేశారు."

"అది అడవి కాదు, సున్నపురాయి. ఒకప్పుడు మీ ఊరంతా సముద్రం. దాని అడుగున పేరుకున్న రాయి అది. ఏ కాలపు రాయో చెప్పడానికే ఆ రంగు."

తన గుట్ట ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేదని వినగానే, ఆ ఆస్తి విలువ పెరిగినట్టనిపించింది లివియోకి.

ఆకుపచ్చ మధ్యలో ఒక చిన్న గుర్తు ఉంది. ఓ పొడుగు గీత, దాని నడుమ నుంచి ఓ పొట్టి గీత, పక్కన అంకె. పొట్టి గీత ఎటు చూస్తే రాతి పొరలు అటు కిందికి వాలాయని, ఎంత ఏటవాలో అంకె చెబుతుందని యాగొద వివరించింది. గుట్ట మీది పొట్టి గీత ఉత్తరానికి చూస్తోంది.

లివియో ఆ గీత మీద వేలు పెట్టాడు. "అంటే, పైన నేల నా వైపు వాలినా, లోపల రాయి మా వదిన వైపు వాలిందా?"

"అంతే. సున్నపురాయి పగుళ్ళలోంచి నీళ్ళు దిగుతాయి. అడుగున బంకమన్ను గట్టిపడ్డ బంకరాయి తగిలితే ఇక దిగలేక దాని వాలునే పట్టుకు పోతాయి. ఆ బంకరాయి బయటపడ్డ చోట ఊట."

ఆ సాయంత్రం అంగట్లో బల్ల మీద మ్యాపు పరిచి అందరికీ పాఠం చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పంతం పట్టి యాగొదని ఊరికి తీసుకొచ్చాడు. దొడ్డి వెనక, కడుగునీళ్ళు ఇంకే గుంటలో రంగు కలపమన్నాడు, అది వదిన ఊటలో తేలితే అందరూ నమ్మక తప్పదని.

"అక్కడే కలపాలా?" అని రెండుసార్లు అడిగిందావిడ.

"అక్కడేనమ్మా. ఏం పోసినా క్షణంలో మింగేస్తుంది. నేను రోజూ చూస్తున్నానుగా."

రంగు బయటపడుతుందనుకున్న రోజున సగం ఊరు నెవియా పెరట్లో కాపు కాసింది. అతిథులు ఫలహారం చేస్తుండగా ఊట చిలకాకుపచ్చగా మారింది. నెవియా ఒక కూజా నింపి బల్ల మీద పెట్టింది.

"చూశారుగా. ఈ నీళ్ళు నావి," అన్నాడు లివియో. ఇన్నాళ్ళ కోరిక.

"ఒప్పుకున్నాను లివియో, నీళ్ళు నీవే," అంది నెవియా నెమ్మదిగా. "మరి ఆ గుంటలోంచి రంగొక్కటే వస్తోందా?"

కూజా దగ్గరున్నవాళ్ళు ఓ అడుగు వెనక్కి జరిగారు.

"పోయినేడు గ్రాజ్ ఊరి నుంచి వచ్చిన ఆ దంపతులకి పట్టుకున్న విరేచనాలు కూడా నీవేనన్నమాట," అన్నాడు దీనో.

ఏమైందని ఆస్ట్రియా అతిథి ఒకాయన అడిగాడు. ఎవరూ తర్జుమా చేయలేదు.

దొడ్డిని సున్నపురాయి మీద నుంచి తీసేయాలని తేలిపోయింది. లివియో మళ్ళీ మ్యాపులు ముందేసుకున్నాడు. ఈసారి పాఠం చెప్పేవాళ్ళు అక్కర్లేకపోయింది. నీళ్ళు ఇంకని బంకరాయి తన నేలలో ఉన్న చోటల్లా ఎత్తు గీతలు దువ్వెన పళ్ళలా ఒత్తుగా ఉన్నాయి. అక్కడ దొడ్డి కడితే మొదటి వానకే పందులతో సహా ఏట్లోకి జారుతుంది. బంకరాయీ, చదును నేలా కలిసి ఉన్నది ఒక్కచోటే, ఊటకి బాగా దిగువన, వదిన కింది పొలంలో. అది మరోచోటికి మారుతుందేమోనని మ్యాపుని రెండు రోజులు తిప్పి తిప్పి చూశాడు. మారలేదు.

తలుపు తట్టేసరికి నెవియా పిండి పిసుకుతోంది.

"వదినా, నీ కింది పొలం..."

"తెలుసు. యాగొద ముందే చెప్పింది. తీసుకో." చేతుల పిండి దులుపుకుంది. "కానీ నా అతిథులు ఇప్పుడు మంచినీళ్ళు చూస్తే జడుస్తున్నారు. నువ్వే వాళ్ళని గుట్ట మీద తిప్పి, నీళ్ళు ఎలా వస్తాయో, ఇప్పుడెందుకు భయం లేదో చెప్పాలి. ఊరందరికీ చెప్పినట్టే, అదే గొంతుతో."

"నాకు జర్మన్ రాదు."

"మ్యాపు వచ్చుగా."

దొడ్డి కింది పొలానికి మారి, గుట్ట లోపలి మురికిని వానాకాలం కడిగేశాక ఊట నీళ్ళు పరీక్ష చేయించారు. శుభ్రంగా ఉన్నాయి. మరుసటి వేసవి నుంచి లివియో పొద్దున్నే మ్యాపు చుట్ట చంకన పెట్టుకుని వదిన వాకిట్లో నిలబడేవాడు. అతిథులను గుట్టెక్కించి, అరచేతిని ఉత్తరానికి వాల్చి రాతి పొరలను, వేళ్ళు జార్చి నీటిని చూపేవాడు. సముద్రం సంగతికి వచ్చేసరికి రెండు చేతులూ చాపేవాడు. ఎవరైనా పాత దొడ్డి రాళ్ళు చూపించి అదేమిటని సైగ చేస్తే, చాలా ప్రాచీనమైనదన్నట్టు తలాడించి ముందుకు నడిచేవాడు.