కట్ చేయని ఏడు నిమిషాలు

నూడుల్స్ హోటల్ గోడకు కట్టిన తెల్ల దుప్పటి మూలను చియావ్ యోంగ్‌ఫా మూడోసారి విప్పి మళ్లీ బిగించాడు. మడత మిగిలితే తెర మీద మనిషి ముఖం వంకరపోతుందని అతని చాదస్తం. యాభై ఆరేళ్లొచ్చాయి. ఇరవై ఆరేళ్లలో ఏడు సినిమాలు తీశాడు, అన్నీ చైనాలో ఈ షాన్‌షీ బొగ్గు గనుల ఊళ్లోనే, ఊరి జనంతోనే. ఒక్కటీ థియేటర్ మొహం చూడలేదు. విదేశాల్లో రెండు బహుమతులు వచ్చాయి. వాటిలో ఒకదాన్ని వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు.

పొట్ట గడిచేది పెళ్లి వీడియోలతో. అక్కడ ఎవరిని తీసేయమంటే వాళ్లను తీసేస్తాడు, పెళ్లికొడుకు మేనత్తనైనా సరే. సొంత సినిమా దగ్గరకొచ్చేసరికి మాత్రం మొండిఘటం. ఈ ఏడో సినిమాలో రుయిలాన్ అనే ఆవిడ పెరట్లో బట్టలారేస్తుంది. ఏడు నిమిషాలు అంతే, ఇంకేమీ జరగదు. అది తీసేస్తే నలభై హాళ్లలో వేయిస్తానని బీజింగ్ నుంచి ఒక నిర్మాత వచ్చి బతిమాలాడు. యోంగ్‌ఫా ససేమిరా అన్నాడు. "ఆ ఏడు నిమిషాల్లో నా పదిహేనేళ్ల కాపురం కొట్టుకుపోయింది" అని భార్య పుట్టింటికి వెళ్లిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం ఆ సినిమాను అందులో నటించినవాళ్లకు మొదటిసారి చూపించాలి. వాళ్లలో ముఖ్యుడు రుయిలాన్ భర్త హౌ గెన్‌షెంగ్. ముప్పై ఏళ్లు గనిలో చేసి, దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడి, నెలగా మంచం మీదే ఉన్నాడు. కుర్చీలో మోసుకొద్దామనుకున్నారు.

పదకొండింటికి కరెంటు పోయింది. రిపేరట, రేపటిదాకా రాదట.

"ఎప్పుడూ నీ సినిమా రోజే మా వీధి తీగలకి జబ్బు చేస్తుందేమిటయ్యా డైరెక్టరూ!" అంది హోటల్ ఆవిడ, ఉల్లికాడలు తరుగుతూ.

ఇంతలో హౌ కూతురు మియావ్ పరుగున వచ్చింది. "అన్నా, నాన్న రేపటిదాకా ఆగేలా లేడు."

యోంగ్‌ఫా లాప్‌టాప్ చంకలో పెట్టుకుని నడిచాడు. సినిమా రెండు గంటల పది నిమిషాలు. బ్యాటరీ ముప్పావుగంటకు మించి రాదు. ఏ నిర్మాత కోసమూ చేయనివాడు దారంతా మనసులోనే సినిమాను ముక్కలు చేసుకుంటూ వెళ్లాడు.

హౌ మంచం పక్కన ఆక్సిజన్ సిలిండర్ ఉంది. వేళ్ల మడతల్లో బొగ్గు ఇంకా నల్లగానే ఉంది. యోంగ్‌ఫా గని గేటు చూపించాడు, పేకాట చూపించాడు, మధ్యవన్నీ దాటించేశాడు.

"నేనింత పొట్టివాణ్ణట్రా?" అన్నాడు హౌ. "ఎందుకలా గెంతిస్తున్నావు?"

"బ్యాటరీ లేదు బాబాయ్. చివర్లో నువ్వు గని వదిలి నడిచిపోయే సీనుంది. బ్రహ్మాండంగా చేశావు. అది చూడాలి నువ్వు."

బ్యాటరీలో పద్నాలుగు నిమిషాలు మిగిలాయి. తెర మీద పెరడు, బకెట్టు, రుయిలాన్ తడి మోచేతులు. షూటింగ్ అయిన చలికాలమే ఆవిడ పోయింది. ముసలాయన తట్టుకోలేడనుకున్నాడో, చివరి సీను మీద మోజో, యోంగ్‌ఫా వేలు సీను దాటించే మీట నొక్కేసింది.

హౌ అతని మణికట్టు పట్టుకున్నాడు. "వెనక్కి తిప్పు."

ఏడు నిమిషాలూ కళ్లు తిప్పలేదు. "చూడు, నా చొక్కా మళ్లీ తిరగేసే ఆరేసింది. నలభై ఏళ్లు చెప్పాను." నవ్వబోతే దగ్గొచ్చింది. తేరుకుని, "ఇంకోసారి పెట్టు" అన్నాడు.

రెండోసారి పూర్తవుతుండగా తెర ఆరిపోయింది.

"అయిపోయిందా సినిమా?"

"అయిపోయింది బాబాయ్."

"బాగా తీశావురా."

అంత హాయి యోంగ్‌ఫాకు ఈ ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ కలగలేదు. ఆ మీట నొక్కినందుకు అంత సిగ్గు కూడా ఎప్పుడూ పడలేదు.

నాలుగింటికి మియావ్ చెమ్చాతో నీళ్లు పోస్తుంటే గుటక పడలేదు. హౌ పోయాడు. రేపటిదాకా రాదన్న కరెంటు ఐదున్నరకే వచ్చేసింది. ఇక సినిమా ఉండదని, అతని సినిమాలంటే గిట్టని అధికారుల్లో తెలియాల్సినవాళ్లకు తెలిసినట్టుంది.

ఇరుగుపొరుగు వచ్చి వెళ్తుంటే మియావ్ అతని దగ్గరకొచ్చింది. "అన్నా, అమ్మ బట్టలారేసే ముక్క నాకు విడిగా కట్ చేసి ఇస్తావా? మిగతా సినిమా వద్దు. ఏమీ అనుకోకు."

యోంగ్‌ఫా ఏమీ అనుకోలేదు. వాళ్ల వంటింట్లో పీట మీద కూర్చుని ముందుదంతా తీసేశాడు, వెనకదంతా తీసేశాడు. పది నిమిషాల పని. ఇచ్చేసి, దుప్పటి విప్పుకోవడానికి హోటల్‌కి వెళ్లిపోయాడు.

హౌ ఫొటో ముందు అగరొత్తుల గిన్నె, మూడు ఆపిల్ పళ్లు, ఆవిరి రొట్టెలు పెట్టారు. వాటి పక్కనే చిటికెనవేలంత నల్ల పెన్‌డ్రైవ్ ఒకటి, మీద ఏ పేరూ లేదు.