ఒక్క కన్ను మూయడం రానివాడు

ల్యాబు బల్ల చివర పూర్ణచంద్రరావు వంగి నిలబడి ఉన్నాడు, గడ్డం బల్లకి ఆనించి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, నేనేమో పక్కన నడుం మీద చెయ్యేసుకుని, ఈ మనిషికి ఈ జన్మలో ఒక్క కన్ను మూయడం రాదు కదా అనుకుంటున్నాను. ఇది మా జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబే, ఇంటర్ రెండో సంవత్సరమే, స్పిరిట్ దీపం వాసన కూడా అదే, కానీ అతని మీసం నెరిసి ఉంది, ఆసుపత్రిలో కట్టుకున్న పచ్చగళ్ళ లుంగీతోనే ఉన్నాడు, లుంగీతో లోపలికి ఎవరు రానిచ్చారో తెలియడం లేదు. అతను చనిపోయాడని నాకు తెలుసు. నా మొగుడనీ తెలుసు. అవన్నీ తెలిసి కూడా, ఈ ప్రయోగం ఇవాళ పూర్తి కాకపోతే రికార్డు మీద సంతకం పడదే అని కంగారు పడుతున్నాను.

"కనపడుతోందా?" అంటున్నాను.

"పారలాక్స్ లేదు," అంటున్నాడు.

"కళ్ళు రెండూ మూసుకుని పారలాక్స్ లేదంటే ఎవరు నమ్ముతారు?"

"మేడమ్ నమ్ముద్ది. నువ్వు నోరు మూసుకుంటే."

బల్ల మధ్యలో కటకం ఉంది, దానికి అటొక సూది, ఇటొక సూది. ఒక కన్ను మూసి రెండో కంటితో కటకంలోకి చూస్తే అవతలి సూది తలకిందులుగా గాలిలో నిలబడి కనిపిస్తుంది, ఇవతలి సూదిని దాని మొనకి సరిగ్గా తగిలేలా జరపాలి, జరిపి తల అటూ ఇటూ కదిపి చూడాలి, రెండూ విడిపోతే ఇంకా దూరం ఉందన్నట్టు, కలిసి కదిలితే ఉన్నచోటు ఒకటే, పారలాక్స్ లేదన్నట్టు. ఇంతే ప్రయోగం. ఆడపిల్లలం బేసి సంఖ్యలో ఉండబట్టి, ఇంటిపేరు మొదటి అక్షరం కలవబట్టి, మేడమ్ నన్ను తెచ్చి ఇతని పక్కన పడేసింది. ఒక కన్ను మూయవయ్యా అంటే రెండూ మూసుకునేవాడు. నవ్వి నవ్వి, చివరికి నా కాంపాస్ బాక్స్ మూత తీసి అతని ఎడమకంటికి అడ్డం పెట్టాను, ఏడాదంతా పెడుతూనే ఉన్నాను, వేలు తగలకుండా పెట్టాలని నేనెంత ఒళ్ళు దగ్గర పెట్టుకున్నానో, క్లాసంతా అంత చెవులు కొరుక్కుంది. తర్వాత పెళ్ళయింది. చెవులు కొరుక్కున్నవాళ్ళే వచ్చి అక్షింతలు వేశారు.

ఇప్పుడు ఆ మూత కనపడడం లేదు. సొరుగు లాగితే ఫ్లాస్కు ఉంది, ఇంకో సొరుగులో అతని మందుల అట్టలు, ఇంకోదాంట్లో అతని కళ్ళజోడు. సొరుగు మూసేస్తున్నాను. బల్ల పొడుగవుతోంది, పొడుగై పొడుగై ఆసుపత్రి వరండా అయింది, అయినా మధ్యలో కటకం అలాగే ఉంది, మేడమ్ అటునుంచి నడిచి వస్తోంది, చేతిలో రికార్డు పుస్తకాల బదులు ఐసు పెట్టె ఉంది. ఆ పెట్టెని నేను గుర్తుపట్టాను. "సంతకం," అంటోంది మేడమ్. సంతకం ఆవిడ కదా పెట్టాల్సింది, పెన్ను నా చేతికి ఎందుకిస్తోంది? పెడుతున్నాను. ఆ రోజు కూడా ఇలాగే పెట్టాను.

అతను కోరిందే అది. కరెంటాఫీసు దగ్గర కంటి శిబిరం పెట్టినప్పుడు కళ్ళు రాసిచ్చి ఇంటికొచ్చి, "బతికుండగా నా కళ్ళు విడివిడిగా పని చెయ్యలా, పోయాకైనా ఒకటొకరికి, ఇంకోటి ఇంకొకరికి పని చేస్తయ్యే," అని పగలబడి నవ్వాడు, అత్తయ్య చెవులు మూసుకుంది. అతను పోయాక కళ్ళు తీసుకెళ్ళడానికి ఐసు పెట్టెవాళ్ళు వచ్చిన రోజు ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "నా బిడ్డ అక్కడ దారెట్టా చూసుకుంటాడే?" అని నన్నడిగింది. నేనేం చెప్పను? ఆవిడ తల మీదుగా చెయ్యి చాపి కాగితం అందుకుని సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి అత్తయ్య నాతో మాట్లాడదు. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే కూర తింటాం, మాట మాత్రం లేదు. ఇప్పుడు చూస్తే ల్యాబులో ఆఖరి స్టూలు మీద కూర్చుని ఉంది, కొంగు నిండా కప్పుకుని, ముఖం గోడవైపు పెట్టుకుని.

అడగాలి. అందుకే వచ్చి ఉంటాను నేనిక్కడికి.

"ఏవండీ," అంటున్నాను, అత్తయ్య వింటోంది గనక. లేకపోతే నువ్వే. "అక్కడ దారెలా చూసుకుంటున్నారు?"

"నేనెప్పుడు చూశానే? నువ్వు చెప్పేదానివి, నేను జరిపేవాణ్ణి."

"ఎగతాళి వద్దు. మీ అమ్మకి ఏం చెప్పను? ఒకసారి కళ్ళు తెరువు, చూస్తాను."

"రెండూ తెరిస్తే ప్రయోగమెట్టా అయిద్ది? మూత పెట్టు, చెప్తా."

మూత లేదు. మేడమ్ చూస్తోందో లేదో, క్లాసు చెవులు కొరుక్కుంటుందో లేదో, ఇంక నాకు సిగ్గేమిటి అనిపించి, నా అరచేతిని అతని ఎడమకంటి మీద పెడుతున్నాను. వెచ్చగా ఉంది. ఎన్నాళ్ళయింది, ఈ ముఖం మీద చెయ్యి పెట్టి.

"చెయ్యి ఇంత గరుకయిందేందే, సుభా?"

"గిన్నెలు తోమేది నేనే గదా."

నవ్వుతున్నాడు, చెంప నా చేతి కింద కదులుతోంది. అప్పుడు అరచేతికి మెత్తగా ఏదో తగిలింది, రెప్ప, కదులుతోంది, మూసిన చేతి కింద తెరుచుకుంటూ మూసుకుంటూ, గుప్పిట్లో పట్టిన సీతాకోకచిలకలాగా.

"కనపడతంది," అంటున్నాడు.

"ఏంటి?"

"సూది. తలకిందులుగా. దాని వెనకాల నువ్వు. నువ్వు మాత్రం తిన్నగానే ఉన్నావు."

నేను అతని పక్కన కదా ఉన్నాను, సూది వెనకాల ఎలా ఉంటాను, అయినా నిజమే, బల్లకి రెండు చివర్లా నేనే ఉన్నాను, అటు చివర రెండు జడలతో, ఇటు చివర ఈ గరుకు చేత్తో. "తల కదుపు," అంటున్నాను. కదుపుతున్నాడు, అటు, ఇటు, రెప్ప నా చేతిని రాసుకుంటూనే ఉంది.

"కలిసే కదులుతున్నయ్, సుభా. విడిపోవడంలా."

"ఒక్కసారి ఇటు తిరుగు. ఆ రెండో కన్ను నన్ను చూడనివ్వు. నిన్ను చూడక చచ్చిపోతున్నాను పూర్ణా."

"తిరిగితే రీడింగ్ పోద్దే," అంటున్నాడు మెల్లిగా, బతిమాలుతున్నట్టు. "ముందు స్కేలు చూసి రాసుకో. నేనెక్కడికి పోతాను?"

నాకు తెలుసు ఎక్కడికి పోతాడో. అయినా చెప్పిన మాట విని వంగుతున్నాను, చెయ్యి తియ్యకుండానే, స్కేలు మీద అంకెలు లేవు, తెల్లటి ఎండ ఉంది, ఆ ఎండ పెద్దదవుతోంది.

ముందుగదిలో చాప మీద ఉన్నాను. మధ్యాహ్నం. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. అత్తయ్య నా తల దగ్గర కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. ఆవిడ ఎప్పుడూ వంటగదిలో కూర్చుని ఏరుతుంది.

"నిద్దట్లో వాడితో మాట్లాడతన్నావు," అంది.

నేను లేచి కూర్చున్నాను. ఆవిడ గొంతు విని ఎన్నాళ్ళయిందో, ముందు ఎవరో పొరుగావిడ అనుకున్నాను.

"దారి కనపడతందంటనా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ ముసలి ప్రాణానికి కావలసింది ఒక్క మాట. కానీ నోరు రాలేదు.

"కళ్ళు చూడలేదత్తయ్యా. చెయ్యి అడ్డం పెట్టానా, రెప్ప మాత్రం తగిలింది. కదిలింది. ఇక్కడ," అని అరచెయ్యి చూపించాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి లాక్కుని, ప్రసాదం అద్దుకున్నట్టు, ఒక కంటికి, తర్వాత రెండో కంటికి అద్దుకుంది. అక్కడే ఉంచుకుంది. ఆవిడ రెప్పలు నా అరచేతిలో తడిగా కదులుతూ ఉన్నాయి.