జడ్జిగారి పైపులైను

కోడలి ఉద్యోగం మురుగుతో. నగరపాలక ప్రయోగశాలలో ఆమె విభాగానికి బోర్డు మీద గంభీరమైన పేరే ఉంది గానీ, ఆ భవనంలో అందరూ దాన్ని 'కంపు సెక్షన్' అనే అంటారు. ఊరంతా పొద్దున్నే లేచి వదిలించుకున్నదాన్ని వీళ్లు సీసాల్లో పట్టి తెచ్చుకుని, కొత్తగా ఏ రోగం తలెత్తుతోందో అందులో వెతుకుతారు. మనిషి డాక్టరు దగ్గర అబద్ధమాడొచ్చు, ఇంట్లో ఇంకా బాగా ఆడొచ్చు, ఫ్లష్ నొక్కాక మాత్రం నిజమే బయటికొస్తుందని ఆ సెక్షన్ పెద్దావిడ సిద్ధాంతం.

ఆ పెద్దావిడే ఒకరోజు కోడల్ని పిలిచి ఒక గాజు పళ్లెం చూపించింది. తూర్పు వైపు పెద్ద కాలువ నీళ్లలో టైఫాయిడ్ క్రిమి దొరికింది. టైఫాయిడ్ కొత్తదేం కాదు. కానీ మామూలుగా వాడే మందులన్నీ చుట్టూ పెట్టినా ఇది కొత్తల్లుడిలా దర్జాగా పెరిగి కూర్చుంది. ఆస్పత్రులకు ఫోన్లు చేస్తే, అలాంటి జ్వరం ఇంకా ఎవరూ చూడలేదన్నారు. అంటే ఒంట్లో ఏ నలతా లేకుండా తిరుగుతూ, కడుపులో ఆ క్రిమిని మోస్తున్న మనిషి ఎవరో ఉన్నారన్నమాట. నలుగురికీ అంటకముందే ఆ మనిషిని పట్టుకోవాలి.

పట్టుకునే పద్ధతిలో గొప్పేమీ లేదు. గాజుగుడ్డని ముద్దగా చుట్టి, తాడు కట్టి, మ్యాన్‌హోల్లో వేలాడదీస్తారు. రెండు మూడు రోజులు నానాక తీసి పరీక్షిస్తారు. రెండు పైపులు కలిసేచోట రెండింట్లోనూ వేసి, దేంట్లో క్రిమి దొరికితే ఆ దారి పట్టుకుని పైకి పోతారు. అలా పెద్దరోడ్డు నుంచి మార్కెట్ వెనక వీధికి, అక్కణ్ణుంచి పార్కు వీధికి ఎదురెక్కుతూ పోయిన కోడలు, చివరికి ఒక మూత ముందు ఆగిపోయింది. మూతలు తీసే మనిషి గునపం పక్కన పెట్టి, ఇది మీ అపార్ట్‌మెంటే కదా మేడమ్ అన్నాడు. 

కోడలు వెళ్లి పెద్దావిడకి చెప్పేసింది. మీ బిల్డింగు పరీక్షలు నువ్వు ముట్టుకోకు, మలం నమూనాకి డబ్బాలు పంచి జనానికి నచ్చజెప్పు, చాలు అందావిడ. బిల్డింగులో దిగే పైపులన్నీ విడివిడిగా చూస్తే, లిఫ్టు వెనకున్న పైపులో దొరికింది. ఆ పైపు మీద నాలుగు కాపురాలున్నాయి. అందులో ఒకటి వీళ్లది.

ఇక్కడ మామగారి సంగతి చెప్పుకోవాలి. బిల్డింగంతా ఆయన్ని జడ్జిగారు అంటారు. నిజానికి ఆయన జన్మంతా కోర్టులో గుమాస్తాగా చేశారు. తీర్పులివ్వడం రిటైరయ్యాకే మొదలుపెట్టారు. మెట్ల మీద ఎవరు ఉమ్మారు, ఎవరి చెత్తబుట్టకి మూత లేదు, అన్నిటికీ విచారణే. శుభ్రత అంటే ప్రాణం. పొద్దున్నే ఏవో ఆకులు నూరి, గుడ్డలో వేసి, స్వహస్తాలతో పిండి, ఆ పచ్చరసం ఫ్లాస్కులో పార్కుకి పట్టుకెళ్లి వాకింగ్ మిత్రులకి పోసేవారు. మిక్సీలో వేస్తే సత్తువ చచ్చిపోతుందట. మిత్రులు మొహమాటానికి మింగేవారు. ఇంట్లో మొహమాటం లేదు కనక ఎవరూ దాని జోలికి పోలేదు.

మురుగు కబురు తెలిసిన సాయంత్రమే జడ్జిగారు పార్కింగులో మీటింగు పెట్టారు. దోషి దొరకగానే పేరు నోటీసు బోర్డు మీద పెట్టాలన్నారు. ఇది నేరం కాదనీ, ఆ మనిషికి తన కడుపులో ఏముందో తెలియనే తెలియదనీ, పేరు ప్రయోగశాల దాటదనీ కోడలు చెప్పింది. తెలీకుండా చేసినా శిక్ష శిక్షేనని ఆయన కొట్టిపారేశారు. మర్నాడు డబ్బాలు తానే పంచి, గుమ్మాల దగ్గర కాపలా కాసి మరీ వసూలు చేశారు. మూడో అంతస్తు సంగీతం టీచరు ఒకరోజు ఆలస్యం చేసిందని, నీకు దాచాల్సిందేమైనా ఉందామ్మా అని అందరి ముందూ అడిగారు.

అన్ని డబ్బాలూ వెళ్లాయి, ఆయనది తప్ప. అత్తగారు గుర్తుచేస్తే, నా కడుపు గురించి ఊరికి అనవసరం అన్నారు. కొడుకుని కల్పించుకోమంటే, ఆఫీసులో అర్జెంటు పనుందని చెప్పులేసుకున్నాడు. అది ఆదివారం.

ఈలోగా వాకింగ్ మిత్రుల్లో ఒకాయన, రిటైరైన బస్సు డ్రైవరు, తగ్గని జ్వరంతో ఆస్పత్రిలో పడ్డాడు. ప్రయోగశాల ముందే హెచ్చరించి ఉంది కాబట్టి అక్కడి డాక్టరు పనికిరాని మందులతో కాలయాపన చెయ్యకుండా మొదటిరోజే గట్టి మందు ఎక్కించాడు. కోడలు ఆ కబురు విని, ఇంటికొచ్చి, మామగారి కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"మామయ్యగారూ, కిందటేడు మీ కోర్టు స్నేహితులతో టూరు వెళ్లొచ్చాక మీకు జ్వరం వచ్చింది కదా. ఏం మందు వాడారు?"

"సొరుగులో ఏవో ఉంటే వేసుకున్నా. తగ్గగానే మానేశా."

"డ్రైవరుగారు మీ రసం తాగుతారా?"

 ఆయన లేచి, డబ్బా తీసుకుని బాత్‌రూములోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఎంతకీ రాలేదు. అత్తగారు తలుపు తట్టి, బలవంతం చెయ్యకండి, దానంతటదే వస్తుంది అంది.

ఫలితం పెద్దావిడ స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. అది విన్నాక జడ్జిగారు అడిగిన మొదటి మాట, పేరు నిజంగా బయటికి పోదు కదా అని. పోదని కోడలు చెప్తే ఆయన గండం గడిచినవాడిలా ఊపిరి పీల్చుకున్నారు. ఫ్లాస్కు మాత్రం ఆవేళే అటక ఎక్కింది.

కానీ పేరు చెప్పకపోతే బిల్డింగు ఊరుకుంటుందా? తనే ఒక పేరు ఖాయం చేసుకుంది. డబ్బా ఆలస్యంగా ఇచ్చింది ఎవరు? సంగీతం టీచరు. పిల్లల్ని పాఠానికి పంపడం మానేశారు. లిఫ్టులో ఆవిడుంటే జనం మెట్లెక్కారు. సాయంత్రాలు గుమ్మం దగ్గర గుట్టగా పడుండే చిన్న చిన్న చెప్పులు లేవు. మూడో అంతస్తు మీదుగా వెళ్లిన జడ్జిగారు అది చూసి వచ్చి, అన్నం సయించక లేచిపోయారు.

మళ్లీ మీటింగు పెట్టారు. జనం వచ్చారు. టీచరు ఒక మూల నిలబడింది. ఆయన గొంతు సవరించుకుని, కోర్టులో వాది ప్రతివాదుల్ని పిలిచినట్టే, ఇంటిపేరుతో సహా మూడుసార్లు సొంత పేరు పిలిచారు. తర్వాత, "హాజరు" అని తనే పలికారు.

 వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన టీచరు దగ్గరికి వెళ్లి చేతులు జోడించి, ఆ రోజు తానన్న మాటకి క్షమించమన్నారు. ఆవిడ క్షమించానని అనలేదు. పిల్లల్ని రేపటినుంచి పంపమని వీళ్లకి చెప్పండి అంది. చెప్పారు.

డ్రైవరు దగ్గరికి కోడలితో కలిసి వెళ్లారు. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నారు గానీ, మంచం పక్కకి చేరేసరికి అదంతా ఎగిరిపోయి, నా వల్లేరా అని మాత్రం అనగలిగారు. డ్రైవరు చిక్కిన మొహంతో కాసేపు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మొదటి గుక్కలోనే అనుకున్నా, ఇది ప్రాణాలు తీసే సరుకేనని. నువ్వు బాధపడతావని మింగి చచ్చాను," అన్నాడు.

"ఉమ్మెయ్యాల్సింది."

"నువ్వే కదరా, ఉమ్మితే విచారణ పెట్టేది."

ఇద్దరూ నవ్వారు. నర్సు వచ్చి కోప్పడితే ఆపారు. జడ్జిగారి ఒంట్లో ఆ క్రిమి కాపురం పెట్టింది పిత్తాశయంలోనని తేలింది. అక్కడ రాళ్లున్నాయి, వాటి సందుల్లో మందులకి దొరక్కుండా దాక్కుంది. ఆపరేషన్ చేసి పిత్తాశయాన్నే తీసేశారు. రాళ్లు చూపిస్తే ఆయన, ఇంత చిన్నవా అని కాస్త చిన్నబుచ్చుకున్నారు.

తర్వాత కొన్నాళ్లపాటు ఆయన ప్రతి వారం డబ్బా నింపి ఇచ్చారు, మారుమాట లేకుండా. లిఫ్టు వెనక పైపులో గాజుగుడ్డ శుభ్రంగానే వచ్చింది. మరో ఇద్దరు వాకింగ్ మిత్రుల్లో క్రిమి కనిపిస్తే, జ్వరం ముదరకముందే వైద్యం జరిగింది. తూర్పు కాలువ సద్దుమణిగింది.

పడమటి కాలువ నీళ్లలో ఇంకేదో కనిపించిందని పెద్దావిడ కబురు పెట్టింది. కోడలు తాడూ గాజుగుడ్డా సంచిలో వేసుకుని బయల్దేరింది.