గడ్డం మీద చెయ్యి

నేను ఒక చేతి అద్దాన్ని. బీరువా తలుపుకి బిగించగా మిగిలిన ముక్కని పారెయ్యబుద్ధి కాక, కాకినాడలో ఫొటోలకి ఫ్రేములు కట్టే ఒకాయన అంచులు అరగదీసి, చెక్క చట్రం కట్టి, పట్టుకోవడానికి పిడి పెట్టాడు. కొన్నాళ్ళు దేవుడి పటాల పక్కన వేలాడి ఒక సెలూన్‌కి చేరాను.

అక్కడ నా పని మనుషులకి వాళ్ళ మెడ వెనక భాగం చూపించడం. సెలూన్ వీర్రాజు నన్ను తల వెనక పట్టుకుంటే, ఎదురుగా ఉన్న పెద్ద అద్దంలో చూసి, ఏం బాగుందో తెలియకపోయినా అందరూ బాగుందన్నట్టు తలూపేవారు. మీసం మొలుస్తున్న కుర్రాళ్ళు మాత్రం నన్ను లాక్కుని మొటిమలు చూసుకునేవారు. "వయసొచ్చేసిందిరోయ్! మీ నాన్నతో చెప్పి సంబంధాలు చూడమంటాలే" అని వీర్రాజు ఆట పట్టిస్తే, సిగ్గుపడుతూనే లోపల్లోపల మురిసిపోయేవారు. మొటిమలంటే ఇంతే కాబోలనుకున్నాను.

సెలూన్‌కి కొత్త అద్దాలు వచ్చాక వీర్రాజు నన్ను వాళ్ళ వదిన పైడమ్మకి ఇచ్చేశాడు. ఆవిడ వినికిడి లేని పిల్లల బడిలో ఆయా. "నా మొగం చూసుకునే తీరిక నాకెక్కడిదండీ, మీ పిల్లలకి పనికొస్తది" అని నన్ను సుభాషిణి టీచర్ బల్ల మీద పెట్టింది.

వినపడని పిల్లలకి మాట ఎలా నేర్పుతారో ఆ బల్ల మీదే చూశాను. టీచరూ పిల్లా నా ముందు పక్కపక్కన కూర్చుంటారు. టీచర్ పెదవులు ఎలా కలుస్తున్నాయో, తన పెదవులు ఎలా కలుస్తున్నాయో పిల్ల నాలో చూసుకుంటుంది. గొంతు మాత్రం నాలో కనిపించదు. అందుకని టీచర్ పిల్ల అరచేతిని తన గడ్డానికి ఆనించుకుని "మా" అంటుంది. ఆ వణుకు చేతికి తెలుస్తుంది. రెండో చెయ్యి తన గడ్డం మీద పెట్టుకుని, పిల్ల ఆ వణుకు కోసం తనలో వెతుక్కుంటుంది. దొరికితే టీచర్ నవ్వుతుంది. తప్పితే మొహం ముడిచి తల అడ్డంగా ఊపుతుంది. తన గొంతు పలికిందో లేదో పిల్లకి చెప్పేది టీచర్ మొహమే.

సుభాషిణి టీచర్‌కి అప్పుడు నలభై ఏడు. నెలసరి తేదీలు తప్పడం మొదలైన దగ్గర్నించీ గడ్డం మీద, దవడ అంచున గడ్డలు లేచేవి. కుర్రాళ్ళ మొటిమల్లా పైకి పండి పోయేవి కావు. చర్మం లోపలే, ఎర్రగా, రాయిలా ఉండేవి. తువ్వాలు తగిలినా ఉలిక్కిపడేది. మధ్యాహ్నం పిల్లలు భోజనాలకి వెళ్ళాక నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయి వాటిని నొక్కేది. చీమూ నెత్తురూ రాకపోగా వాపు పెరిగేది.

"ఈ వయసులో మొటిమలేంటక్కా? మా అమ్మాయికే తగ్గిపోయాయి" అంది పక్క క్లాసు టీచర్ ఝాన్సీ.

"మీ బావగారూ అదే అంటున్నారు. మళ్ళీ కాలేజీలో చేరుతున్నావా అని."

"టూత్‌పేస్ట్ పెట్టు. పొద్దున్నకి ఎండిపోద్ది."

"పెట్టాను. చర్మం ఎండింది, గడ్డ అలాగే ఉంది."

తర్వాత ఎవరో చెప్పారని మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చుకుంది. కొన్నాళ్ళు చల్లబడ్డాయి. ట్యూబు అయిపోగానే పక్కన మరికొన్నిటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చాయి. ఇంత వయసొచ్చాక మొహానికి డాక్టరేమిటని ఆవిడ అంతటితో ఊరుకుంది.

నూకరత్నం ఆ ఏడే బడిలో చేరింది. ఆరేళ్ళ పిల్ల. అన్నీ సైగలే. గొంతనేది తనకి ఉందని ఆ పిల్లకి తెలియదు. వారాల తరబడి టీచర్ గడ్డం పట్టుకుని నాలోకి చూస్తూ పెదవులు కలిపేది, విప్పేది. గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఒకరోజు వచ్చింది. సన్నగా, బొంగురుగా "మా". అది తన గడ్డంలో తనకే తెలిసి రత్నం కళ్ళు పెద్దవయ్యాయి. ఆ సంబరంలో టీచర్ గడ్డాన్ని గట్టిగా పిండేసింది.

వేళ్ళు సరిగ్గా గడ్డ మీద పడ్డాయి. టీచర్ "అబ్బా" అని మొహం ముడుచుకుని, ఆ చేతిని విసిరికొట్టింది.

రెండు మొహాలూ నాలోనే ఉన్నాయి. రత్నం టీచర్ మొహం చూసింది. తర్వాత తెరుచుకుని ఉన్న తన నోరు చూసుకుంది. మెల్లగా మూసేసుకుంది.

టీచర్ వెంటనే నవ్వింది, దగ్గరికి తీసుకుంది, బుగ్గలు నిమిరింది. లాభం లేకపోయింది. మర్నాటి నుంచి రత్నం చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేది. గడ్డం వద్దులే, మెడ ముట్టుకో అని చూపించినా రాలేదు. పెదవులు కలిపేది గానీ గొంతు కదలనిచ్చేది కాదు.

"తన గొంతే తప్పనుకుంది ఝాన్సీ" అంది టీచర్. "మొదటిసారి నోరు విప్పిన పిల్లకి నేను తప్పని చెప్పాను."

"నువ్వు కావాలని చేశావా ఏంటి?"

"అది దానికెలా తెలుస్తుంది?"

ఆ వారమే చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చాక ఝాన్సీకి చెబుతుంటే విన్నాను.

"హార్మోన్లటమ్మా. నెలసరి ఆగే వయసులో చాలామందికి గడ్డం మీదే వస్తాయట. మురికి వల్లా కాదు, తిండి అరక్కా కాదు. ఆ ట్యూబు చూడగానే చీవాట్లు పెట్టింది, స్టెరాయిడ్‌ట. రాత్రిపూట బఠాణీ గింజంత జెల్ పల్చగా రాయమంది. బీపీ చూసి, రక్తపరీక్ష చేయించి ఒక మాత్ర రాసింది. గిల్లితే మాత్రం మళ్ళీ రావద్దంది."

"ఎప్పటికి తగ్గుతుందట?"

"మూడు నెలలైనా ఓపిక పట్టాలట. నేనిన్నాళ్ళూ దీన్ని సిగ్గనుకున్నాను ఝాన్సీ. ఆవిడ జబ్బులాగే చూసి మందిచ్చింది."

మొదట్లో చర్మం పొట్టు లేచి మంట పుట్టింది. ఒకటి రెండు గడ్డలు కొత్తగా లేచాయి. ఆవిడ నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళేది, చూసేది, చెయ్యి పైకెత్తి మళ్ళీ దించేసేది. ఆ దించడం ఎంత కష్టమో దగ్గరుండి చూశాను. రోజూ రత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, బలవంతం చెయ్యకుండా తనొక్కతే "మా" అనేది.

వానలు వెళ్ళేసరికి గడ్డలు అణిగాయి. గోధుమరంగు మచ్చలు మిగిలాయి. ఒకరోజు ఆవిడ రత్నం చేతిని మెల్లగా అందుకుంది. ఆ పిల్ల పిడికిలి బిగించేసింది.

టీచర్ చెయ్యి వదిలెయ్యలేదు, లాగనూ లేదు. రత్నం నాలో కనిపిస్తున్న టీచర్ గడ్డాన్ని, ఆ మచ్చల్ని చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి ముందుకి వంగి, పిల్లలకి దెబ్బ తగిలితే పెద్దవాళ్ళు ఊదినట్టు, నాలోని గడ్డం మీద "ఉఫ్" అని ఊదింది.

నా మీద ఆవిరి కమ్మింది. అది కరిగేదాకా ఆ పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. ఆవిరి వెనక టీచర్ నవ్వుతోంది.

పిడికిలి విడింది. అరచెయ్యి గడ్డం మీదికి వెళ్ళింది. "మా" అంది టీచర్. రత్నం నమ్మకం కుదరక గట్టిగా నొక్కి చూసింది. ఆ మొహంలో ఏ ముడతా పడలేదు.

"మా..." అంది రత్నం. తుప్పు పట్టిన తలుపు తీసినట్టుంది ఆ గొంతు.

టీచర్ కళ్ళు నిండిపోయాయి. పిల్ల దాన్ని కూడా తప్పుగా చదువుతుందేమోనని, ఆ నీళ్ళతోనే గబగబా పళ్ళన్నీ కనిపించేలా నవ్వేసింది. రత్నం ఇంకా గట్టిగా అంది.

ఇప్పుడు నా వెనక పూసిన రసం ఊడిపోయి నల్లటి మరకలు పడ్డాయి. బల్ల మీదికి కొత్త అద్దం వచ్చింది. పైడమ్మ నన్ను వరండాలో కుళాయి పక్కన మేకుకి తగిలించింది. మధ్యాహ్నం సుభాషిణి టీచర్ వచ్చి మొహం కడుక్కుని, కొంగుతో గడ్డం గబగబా తుడుచుకుంటుంది. లోపల్నించి పిల్లల గొంతులు వినిపిస్తాయి. నా వైపు ఒక్కసారైనా చూడకుండా క్లాసుకి వెళ్ళిపోతుంది. ఏ అద్దమూ ఇలా కోరుకోదు గానీ, ఆవిడ చూడకుండా వెళ్ళిన రోజే నాకు బావుంటుంది.